గ్రోవ్స్ దొర ఇంటి బల్ల

తనకల్లు వైపు పల్లె నుంచి ఒక సహోదరుడు ఆ మధ్య నన్ను వెదుక్కుంటూ వచ్చాడు. వేరుశెనగ రైతు. వాన పడితే పంట, పడకపోతే బెంగళూరులో కూలి పని. ఆ మెట్ట నేలలో చాలా ఇళ్ళ కథ అదే. కాని అతడు వచ్చింది కరువు గురించి చెప్పుకోవడానికి కాదు.

తనకల్లులో నాలుగైదు విశ్వాసుల కుటుంబాలు ఒక ఇంటి వసారాలో కూడుకుంటున్నాయి. గోపురం లేదు, గంట లేదు, జీతం తీసుకునే పాస్టరు లేడు. రాత్రి భోజనాలయ్యాక ప్రతి ఇంట్లో తండ్రి బైబిలు తెరుస్తాడు, తల్లి ప్రార్థన చేస్తుంది, పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. ఆదివారం ఆ ఇళ్ళన్నీ కలిసి రొట్టె విరిచి, అక్కడే వండుకుని తింటాయి. పిల్లల్ని సండేస్కూలుకు అప్పగించి చేతులు దులుపుకోకూడదని, వాళ్ళను ప్రభువు శిష్యులుగా పెంచవలసింది కన్నవాళ్ళేనని వాళ్ళ పట్టుదల. ఇతనికి అది ఎంతో నచ్చింది, చేరాలనుకున్నాడు. భార్యకు మాత్రం ఇష్టం లేదు. ఆమె తండ్రి బ్రతికినన్నాళ్ళు ఊరి చర్చిలో సంఘపెద్ద. ఆమె పెళ్ళి, పిల్లల బాప్తిస్మాలు అక్కడే జరిగాయి. పైగా ఆ ఇంటి సహవాసంలో కొందరు మిగతా చర్చిల విశ్వాసులతో ప్రభువు బల్ల పంచుకోవడానికి ఒప్పుకోరట. ఆమెకు అది పెద్ద అభ్యంతరం. భార్య మాట కాదని చేరాలా, ప్రభువు పిలుస్తున్నాడనిపించినా ఆగిపోవాలా? నెలల తరబడి ఆ ఇంట్లో ఇదే గొడవ.

నేను అతనికి సలహా చెప్పలేదు. నూట డెబ్భై ఏళ్ళ క్రితం చనిపోయిన ఒక మనిషి జీవితం చెప్పాను. ఆయన మరీ పరాయివాడేమీ కాదు. తనకల్లు నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరు వెళ్తే ఒక పూట ప్రయాణం. ఆ చిత్తూరులో ఆయన ఏళ్ళ తరబడి ఇల్లే సంఘంగా బ్రతికాడు. పేరు ఆంథొని నోరిస్ గ్రోవ్స్. గోదావరి డెల్టాలోని బ్రదరెన్ సంఘాలవాళ్ళకు తెలిసిన పేరే. మన సీమలో మాత్రం చాలామంది మరిచిపోయారు.

గ్రోవ్స్ 1795లో ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో పుట్టాడు. లండనులో మేనమామ దగ్గర పళ్ళ వైద్యం నేర్చుకుని, ఇరవై ఏళ్ళయినా నిండకముందే ప్లిమత్‌లో ప్రాక్టీసు పెట్టాడు. 1816లో ఆ మేనమామ కూతురు మేరీని పెళ్ళి చేసుకుని ఎక్సెటర్ పట్టణానికి మారాడు. చేతి నైపుణ్యం, మంచి పేరు రెండూ కలిసి ఆదాయం ఏడాదికి 1,500 పౌండ్ల వరకు పెరిగింది. ఆ రోజుల్లో అది దొరబాబుల సంపాదన. మంచి ఇల్లు, పనివాళ్ళు, ఇద్దరు కొడుకులు హెన్రీ, ఫ్రాంక్. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

గ్రోవ్స్‌కు మాత్రం యువకుడిగా ఉన్నప్పటి నుంచే మిషనరీగా వెళ్ళాలని కోరిక. పెళ్ళయిన కొత్తలో భార్యతో చెప్పాడు. ఆమె భయపడింది, వద్దంది. సుఖంగా పెరిగిన అమ్మాయి, పుట్టింటివాళ్ళంటే ప్రాణం. తెలియని దేశానికి పసిపిల్లలతో వెళ్ళడమంటే ఆమెకు మరణశిక్షలా తోచింది. గ్రోవ్స్ ఆ మాట అక్కడితో ఆపేశాడు. పిలుపు తనకు వచ్చింది కదా, భార్య వెనకే రావాలి కదా అని ఆయన ఒత్తిడి చేయలేదు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్పగా తోచేది, తర్వాత చేసిన త్యాగాలకంటే కూడా, ఈ ఆగడమే.

ఆగినన్నాళ్ళు ఊరికే ఉండలేదు. భార్యాభర్తలిద్దరూ ముందుగా సంపాదనలో పదోవంతు ప్రభువుకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు నాలుగోవంతు అయింది. చివరకు తమ ఖర్చులకు అవసరమైనంత ఉంచుకుని మిగతాదంతా ఇచ్చేయాలన్న నిర్ణయానికి వచ్చారు. పంచిపెట్టే పని చాలావరకు మేరీ చేతుల మీదుగా జరిగింది. పేదల ఇళ్ళకు వెళ్ళేకొద్దీ, వాళ్ళ కష్టాలు వినేకొద్దీ ఆమె మనసు మారుతూ వచ్చింది. భర్త ప్రసంగాలు మార్చలేని మనసును బీదల గుడిసెలు మార్చాయి. ఒక రోజు ఆమే ముందుకు వచ్చి, తాను సిద్ధమని చెప్పింది. అప్పటికి పెళ్ళయి ఎనిమిది తొమ్మిదేళ్ళు గడిచాయి. తాము నేర్చుకున్నదాన్ని గ్రోవ్స్ 1825లో ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. విశ్వాసి రేపటికని కూడబెట్టుకోకుండా సమస్తాన్నీ ప్రభువుకు సమర్పించాలన్నది అందులోని సారాంశం. ఏడాదికి 1,500 పౌండ్లు వదులుకున్న ఆ పళ్ళ డాక్టరు సంగతి విని కదిలిపోయిన యువకుల్లో జార్జి ముల్లర్ ఒకడు. తర్వాతి కాలంలో బ్రిస్టల్‌లో, ఎవరినీ చెయ్యి చాచకుండా, పదివేలమందికి పైగా అనాథలను పోషించిన ముల్లరే ఆయన. 1830లో గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్ళి చేసుకుని బంధువు కూడా అయ్యాడు.

గ్రోవ్స్ ఇంటి శిష్యరికం అంటే ఏమిటో తెలియాలంటే జాన్ కిట్టో కథ వినాలి. ప్లిమత్‌లో పేద తాపీపనివాడి కొడుకు. పన్నెండేళ్ళప్పుడు తండ్రితో పనికి వెళ్ళి నిచ్చెన మీది నుంచి పడ్డాడు, ప్రాణం దక్కింది కాని వినికిడి పూర్తిగా పోయింది. తిండి పెట్టేవాళ్ళు లేక పేదల శరణాలయంలో పడ్డాడు. 1824లో గ్రోవ్స్ ఆ చెవిటి కుర్రవాడిని పళ్ళ వైద్యం నేర్పుతానని తన ఇంటికి తెచ్చుకున్నాడు. పనివాడిగా కాదు, ఇంటి మనిషిగా. ఆ ఇంటి భోజనబల్ల దగ్గర, ఆ ఇంటి ప్రార్థనల్లో కిట్టో ప్రభువును తెలుసుకున్నాడు. ఒక్క ప్రసంగం కూడా చెవిన పడే వీలు లేని కుర్రవాడు, ఆ ఇంటివాళ్ళ బ్రతుకు చూసి నమ్మాడు. తర్వాత అతడే పెద్ద బైబిలు పండితుడై, బైబిలు విజ్ఞానసర్వస్వం ఒకటి కూర్చాడు. ఇంట్లో శిష్యులను తయారుచేయడమంటే కన్నబిడ్డలకు వాక్యాలు కంఠతా పట్టించడం ఒక్కటే కాదని ఈ సంగతి చదివినప్పుడల్లా అనుకుంటాను.

ఇక సంఘం సంగతి. గ్రోవ్స్ పుట్టి పెరిగింది ఆంగ్లికన్ చర్చిలో. మిషనరీగా వెళ్ళాలంటే గురుపట్టం కావాలనుకుని డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. ఉద్యోగం చేసుకుంటూ పరీక్షల వేళకు ఓడెక్కి ఐర్లండు వెళ్ళి వచ్చేవాడు. ఆ ప్రయాణాల్లో బెల్లెట్ మొదలైన మిత్రులతో కలిసి బైబిలు చదివేవాడు. వాళ్ళు ఒకే చర్చివాళ్ళు కారు. అందరూ ప్రభువును ప్రేమిస్తున్నారు, కాని ఆదివారం వచ్చేసరికి ఎవరి గుడికి వాళ్ళు, ఎవరి బల్లకు వాళ్ళు. 1827లో గ్రోవ్స్ మిత్రులతో ఒక సంగతి చెప్పాడు. ఆది సంఘంలో విశ్వాసులు ఇంటింటా రొట్టె విరిచారు (అపొ. కార్య. 2:46), కాబట్టి క్రీస్తు శిష్యులుగా కూడుకున్న మనకూ ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకునే స్వేచ్ఛ ఉంది, అందుకు ప్రత్యేక గుడిగాని, అభిషేకం పొందిన గురువుగాని తప్పనిసరి కాదు. ఈ రోజు వింటే మామూలు మాట. ఆ రోజుల్లో ఇంగ్లండు, ఐర్లండు దేశాల్లో అది పిడుగు. కొద్ది కాలానికే డబ్లిన్‌లో ఒక మిత్రుని ఇంట్లో అలాంటి కూడిక మొదలైంది. బ్రదరెన్ ఉద్యమంగా ప్రపంచమంతా పాకినదానికి వేళ్ళు అక్కడ ఉన్నాయి.

చివరి పరీక్షల ప్రయాణానికి డబ్బు సిద్ధం చేసుకున్న వేళ ఇంట్లో దొంగలు పడ్డారు. ప్రయాణం కోసం దాచిన డబ్బే పోయింది. అప్పటికే గురుపట్టం అవసరమా అని మనసులో మథనపడుతున్న గ్రోవ్స్ దీన్ని దేవుని జవాబుగా తీసుకుని చదువు మానేశాడు. దొంగతనంలో దేవుని చిత్తాన్ని చదవడం అందరికీ సరిపడే పద్ధతి కాదు, మనం దాన్ని అనుకరించనవసరం లేదు. ఆయన మాత్రం ఆ తర్వాత ఎన్నడూ వెనక్కి చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గ్రోవ్స్ ఇళ్ళలో కూడుకోవాలన్నది మిగతా విశ్వాసులకు దూరంగా జరగడానికి కాదు. వాళ్ళందరికీ చోటు చాలే బల్ల కోసం. ఏ డినామినేషన్ గుడిలో అయినా ఏదో ఒక షరతు అడ్డు వస్తుంది, ఇంటి బల్ల దగ్గర ప్రభువును ప్రేమించే వారెవరైనా కూర్చోవచ్చు అన్నది ఆయన ఆశ. ఆ ఆశ తన మిత్రుల చేతుల్లోనే ఏమైపోయిందో తర్వాత చూద్దాం.

1829 జూన్‌లో ఆ కుటుంబం బయలుదేరింది. భార్య, ఇద్దరు కొడుకులు, పిల్లల ఉపాధ్యాయుడిగా కిట్టో, మరికొందరు. ఏ మిషన్ సంస్థా పంపలేదు, జీతం లేదు. ఒక మిత్రుని చిన్న ఓడలో సెయింట్ పీటర్స్‌బర్గ్, అక్కడి నుంచి రష్యా, కాకసస్ కొండలు, పర్షియా మీదుగా గుర్రాలు, బండ్ల మీద ప్రయాణం చేసి డిసెంబరులో బాగ్దాదు చేరారు. ఒక బడి పెట్టారు. మేరీ ఇంటి కిటికీలోంచి కనిపించే తెలియని లోకానికి మెల్లగా అలవాటు పడింది.

1831 మార్చి చివర్లో నగరంలోకి ప్లేగు వచ్చింది. బ్రిటిష్ రెసిడెంటు కుటుంబం పడవల్లో బస్రాకు వెళ్ళిపోతూ వీళ్ళనూ రమ్మని పిలిచింది. భార్యాభర్తలు ప్రార్థించి ఉండిపోవడానికే నిర్ణయించుకున్నారు. చావులు రోజుకు వందలు దాటి వేలకు చేరాయి. ఏప్రిల్‌లో టైగ్రిస్ నది పొంగి నగరం గోడను కూల్చేసింది, వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. నీళ్ళు తగ్గుముఖం పట్టాయి, ప్లేగు కూడా నెమ్మదించిందని ఊపిరి పీల్చుకుంటుండగా మేరీకి జ్వరం వచ్చింది. మే 14న ఆమె చనిపోయింది. బాగ్దాదులో పుట్టిన పసిపాప కూడా ఆ వేసవి దాటలేదు. మొదట వద్దన్న మనిషి, తర్వాత తానే సిద్ధపడి వచ్చిన మనిషి, రెండేళ్ళు తిరగకుండా ఆ మట్టిలో కలిసింది. గ్రోవ్స్ రాసుకున్న దినచర్యలో ఆ వారాల దుఃఖమంతా ఉంది. దేవుని మీద కోపం లేదు, కాని తన నిర్ణయం గురించిన ప్రశ్నలు ఉన్నాయి. ఉండవా మరి? ఆమెను ఒత్తిడి చేసి తీసుకువచ్చి ఉంటే ఆ ప్రశ్నలు ఆయన్ను బ్రతకనిచ్చేవా అని నాకు అనిపిస్తుంది.

1833లో ఇంగ్లండు నుంచి ఇండియాకు వెళ్తూ ఒక యువ ఇంజనీరు బాగ్దాదులో ఆగాడు. ఆయన ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా ఆయన ఊహలోకైనా రాని రోజులు. ఆ కాటన్‌తో కలిసి గ్రోవ్స్ బొంబాయికి ఓడెక్కాడు. ఇండియాలో ఏడాదికి పైగా తిరిగాడు. తిరునల్వేలిలో అరుళప్పన్ అనే యువ తమిళ విశ్వాసి పరిచయమయ్యాడు. కలకత్తాలో జబ్బుపడ్డ మిషనరీ అలెగ్జాండర్ డఫ్‌కు సపర్యలు చేస్తూ ఆయనతోపాటే ఓడలో స్వదేశానికి వెళ్ళాడు. చూసినదానిలో ఆయన్ను బాధించింది ఒకటి. మిషనరీ దొర బంగళా ఒక లోకం, దేశ విశ్వాసి గుడిసె వేరొక లోకం. ఆదివారం ఒకే దేవుణ్ణి ఆరాధించినా సోమవారం ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినరు.

1835లో ఆయన హారియెట్ బేన్స్‌ను రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1836లో ఇండియాకు తిరిగి వచ్చినప్పుడు వెంట ఒక చిన్న సంఘమే ఓడెక్కింది. డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి, చేతిపనులు చేసుకు బ్రతికే రెండు యువ జంటలు వచ్చాయి. విలియం బౌడెన్ దంపతులు, జార్జి బీర్ దంపతులు. వాళ్ళు బందరు మీదుగా వెళ్ళి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో తెలుగు నేర్చుకుని, ఏ మిషన్ సంస్థ అండా లేకుండా గోదావరి డెల్టా పరిచర్యకు పునాది వేశారు. అదే ఓడలో గ్రోవ్స్ కొడుకులకు చదువు చెప్పడానికి హెర్మన్ గుండర్ట్ అనే జర్మన్ యువకుడు, స్విట్జర్లండు నుంచి జూలీ డుబోయ్ అనే యువతి కూడా వచ్చారు.

1837లో గ్రోవ్స్ మద్రాసు వదిలి చిత్తూరు చేరాడు. అప్పట్లో అది ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. తెలుగు, తమిళం రెండూ వినిపించే ఊరు. అక్కడ ఆయన పెట్టింది మిషన్ కాంపౌండు కాదు, ఒక పెద్ద ఇల్లు. హారియెట్, పిల్లలు, యూరపు నుంచి వచ్చిన యువతీయువకులు, ఇక్కడి విశ్వాసులు, బడిపిల్లలు. గుండర్ట్, జూలీ డుబోయ్ బడి పనిలో ఉండేవారు. ఉదయం, రాత్రి వాక్యం, ప్రార్థన. వారానికోసారి ప్రభువు బల్ల. దొరలు, దేశీయులు ఒకే చోట కూర్చుని రొట్టె విరిచేవారు. 1838 జూలైలో ఆ చిత్తూరులోనే గుండర్ట్‌కు, జూలీకి పెళ్ళయింది. ఆ తర్వాత వాళ్ళు బాసెల్ మిషన్‌లో చేరి మంగుళూరు, మలబారు వెళ్ళిపోయారు. కేరళవాళ్ళు ఈనాటికీ గౌరవించే మలయాళ నిఘంటువు (1872) రాసిన గుండర్ట్ ఆయనే. నోబెల్ బహుమతి పొందిన జర్మన్ రచయిత హెర్మన్ హెస్సేకు ఈ దంపతులే అమ్మమ్మ, తాతయ్య. చిత్తూరులో జరిగిన ఒక నిరాడంబరమైన పెళ్ళి నుంచి ఎంత దూరం వెళ్ళిందో చూడండి!

అయితే వాళ్ళు వెళ్ళిపోవడం గ్రోవ్స్‌కు చిన్న దెబ్బ కాదు. ఇంటిమనుషులుగా ఉండవలసినవాళ్ళు ఒకరొకరుగా వేరే దారులు వెదుక్కున్నారు. ఇంటి సంఘంలో ఇది మామూలే. గుడి అయితే మనుషులు మారినా గోడలు నిలుస్తాయి. ఇంటికి మనుషులే గోడలు.

ఇంకొక కష్టం డబ్బు. పౌలు డేరాలు కుట్టి బ్రతికినట్టు పరిచారకులు తమ చేతులతో సంపాదించుకోవాలని, ఇక్కడి విశ్వాసులకు కూడా పని చూపించాలని గ్రోవ్స్ తలచాడు. చిత్తూరు దగ్గర భూమి తీసుకుని వ్యవసాయం పెట్టాడు. మల్బరీ తోటలు వేసి పట్టు పురుగుల పెంపకానికి దిగాడు. పెట్టుబడికి అప్పు చేశాడు. పట్టు కలిసిరాలేదు. రాయలసీమ రైతుకు ఇక ముందు కథ చెప్పనవసరం లేదు. అప్పు తీర్చడానికి ఇంకో ప్రయత్నం, దానికి ఇంకో అప్పు. ప్రభువు పని కోసం మొదలుపెట్టిన సేద్యం ప్రభువు పనికి దక్కవలసిన ఏళ్ళను మింగేసింది. పరలోకం తప్ప మరేమీ కూడబెట్టుకోకూడదని పుస్తకం రాసిన మనిషి లెక్కల పుస్తకాలు ముందు వేసుకుని నిద్ర లేని రాత్రులు గడిపాడు. ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తుంటారు. దాటకూడదు. ఉద్దేశం మంచిదే. వ్యాపారం తెలియకపోవడం, మంచి ఉద్దేశం ఉంటే చాలుననుకోవడం ఆయన తప్పు. ఆ భారంలో చాలా భాగం చివరకు పెరిగి పెద్దవాళ్ళయిన కొడుకులు మోశారు. హెన్రీ, ఫ్రాంక్ శ్రీరంగపట్నం దగ్గర పాలహళ్ళిలో చక్కెర కర్మాగారం నడిపి కుటుంబాన్ని నిలబెట్టారు. బాగ్దాదులో తల్లిని మట్టిచేసిన ఆ పిల్లలు విశ్వాసం వదిలిపెట్టలేదు. హెన్రీ తర్వాతి కాలంలో ఇంగ్లండులో మిషనరీల వార్తలు ప్రచురించే పత్రిక నడిపి, ఎన్నో దేశాల్లోని పరిచర్యకు వెన్నెముకగా నిలిచాడు. తండ్రి శిష్యరికం పట్టుతోటల్లో పండలేదు గాని ఇంట్లో పండింది.

అరుళప్పన్ సంగతి కూడా చెప్పాలి. జీతానికి ఎవరి కిందా చేరకుండా ప్రభువును నమ్మి పనిచేయమని గ్రోవ్స్ అతన్ని ప్రోత్సహించాడు. 1840లో అతడు తమిళనాట క్రిస్టియన్‌పేట అనే గ్రామాన్ని నెలకొల్పాడు. విశ్వాసుల కుటుంబాలు పొలం దున్నుకుంటూ, పిల్లలకు తామే చదువు చెప్పుకుంటూ అక్కడ బ్రతికాయి. దొరలెవరూ లేకుండా, గురుపట్టం పొందినవాడు లేకుండా ఆ కుటుంబాలు తమంతట తాము రొట్టె విరుస్తున్నాయని తెలిసి చుట్టుపక్కల మిషన్లలో అలజడి రేగింది. తెల్లవాడు పక్కన లేకపోతే ప్రభువు బల్ల చెల్లదా అన్నదే అక్కడి అసలు ప్రశ్న. గ్రోవ్స్ అరుళప్పన్ పక్షాన నిలిచాడు. 1860లో ఆ ప్రాంతంలో పెద్ద ఉజ్జీవం వచ్చింది. దాన్ని చూడడానికి గ్రోవ్స్ అప్పటికి లేడు.

ఇప్పుడు మొదట ఆపిన సంగతి. గ్రోవ్స్ డబ్లిన్ మిత్రుల్లో ముఖ్యుడు జాన్ నెల్సన్ డార్బీ. ఇళ్ళలో మొదలైన కూడికలు పెరిగి పెద్దవయ్యేకొద్దీ డార్బీ, ఆయన అనుచరులు ఎవరిని బల్ల దగ్గరకు రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నదానిపై కఠినమవుతూ వచ్చారు. గ్రోవ్స్ 1836లోనే, ఇండియాకు ఓడెక్కే ముందు, డార్బీకి ఉత్తరం రాశాడు. మనం వదిలి వచ్చిన చర్చిలలోని చెడును ఎత్తిచూపడమే మన పని అయితే మనమూ త్వరలోనే మరో ఇరుకైన గుంపు అవుతామని, ఇతరుల పొరపాట్లను భరించి అయినా వాళ్ళలోని మంచితో కలిసి ఉండడమే తనకు ఇష్టమని అందులోని భావం. డార్బీ వినలేదు. 1848లో ముల్లర్ నడిపే బ్రిస్టల్ సంఘం తన షరతులకు ఒప్పుకోలేదని, ఆ సంఘంలోని విశ్వాసులెవరినీ బల్ల దగ్గరకు రానివ్వకూడదని డార్బీ పక్షం తీర్మానించింది. ఉద్యమం నిలువునా చీలింది. అప్పుడు గ్రోవ్స్ ఇంగ్లండులోనే ఉన్నాడు. అందరికీ చోటు చాలాలని వేసిన బల్లను ఆ మిత్రులే రెండుగా కోయడం కళ్ళారా చూశాడు.

ఇంటి సంఘాలకు అపాయం బయటి నుంచి వచ్చేది తక్కువ. గుడి వదిలి ఇంటికి వచ్చినవాడు మనసులో మాత్రం మరింత ఎత్తయిన గోడ కట్టుకుంటాడు, అపాయం అక్కడ. అలాగని ఇంటి సహవాసాలన్నీ అలాంటివనడం అన్యాయం. మన తెలుగు నేలపై ఎందరికో ఆత్మీయ తండ్రి అయిన భక్తసింగ్ గారిని తీర్చిదిద్దింది కూడా ఒక ఇల్లే. కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకునే రోజుల్లో హేవర్డ్ దంపతులు ఆ సిక్కు యువకుణ్ణి తమ ఇంట్లో ఉంచుకుని, భోజనమైన ప్రతిసారీ బైబిలు తెరిచేవారు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడే తర్వాత మద్రాసులో, 1950 నుంచి హైదరాబాదు హెబ్రోనులో వేలమందికి వాక్యం పంచాడు.

గ్రోవ్స్ 1849లో మళ్ళీ ఇండియా వచ్చాడు. ఆరోగ్యం అప్పటికే చెడింది. 1852లో ఆఖరిసారి ఓడెక్కాడు. కడుపులో పుండు కాన్సరుగా తేలింది. 1853 మే 20న, బ్రిస్టల్‌లో బావగారు ముల్లర్ ఇంట్లో, యాభై ఎనిమిదో ఏట చనిపోయాడు. గుడిలో కాదు, ఆసుపత్రిలో కాదు, ఒక ఇంట్లో. ఇండియాలో తన పని విఫలమైందన్న దిగులు ఆయన్ను చివరి ఏళ్ళలో వెంటాడింది. చిత్తూరులో ఆయన పేరున గుడి లేదు, బడి లేదు. ఆయన పోయిన ఏడాదే ఆర్కాటు మిషన్ ఏర్పడి, ఆ ప్రాంతంలో పరిచర్యను వేరే పద్ధతిలో కొనసాగించింది. 1863లో జాకబ్ చాంబర్లేన్ మదనపల్లెకు వచ్చిందీ ఆ మిషన్ తరఫునే. తనకల్లు పల్లెల దాకా సువార్త నడిచిన బాటల్లో అలాంటి పాత మిషన్ల పాదముద్రలూ ఉన్నాయి. ఆ చర్చిలలో మోకరించినవాళ్ళను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. గ్రోవ్స్ బ్రతికి ఉంటే ఆ మాట అందరికంటే ముందు ఆయనే అనేవాడు.

ఇదంతా ఆ తనకల్లు సహోదరుడికి ఇంత వివరంగా చెప్పలేదు గాని, ముఖ్యమైనవన్నీ చెప్పాను. నరసాపురం సంగతి, ముల్లర్ సంగతి శ్రద్ధగా విన్నాడు. పట్టు పురుగుల అప్పు దగ్గర నవ్వాడు, తానూ ఒకసారి మల్బరీ వేసి చేతులు కాల్చుకున్నాడట. అన్నీ అయ్యాక ఒక్కటే అడిగాడు. ఆ మేరీ అమ్మగారు ఒప్పుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందని. ఎనిమిదో, తొమ్మిదో అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఈలోగా మా ఇంట్లో రాత్రిపూట బైబిలు చదవడానికి ఆమెకు అభ్యంతరం ఉండదనుకుంటానని తనలో తాను అనుకున్నట్టు చెప్పి, కదిరి బస్సుకు వేళయిందని లేచాడు.

మొన్న పిల్లల పరీక్షలయ్యాక ఫోను చేశాడు. ఇంకా ఇంటి సహవాసంలో చేరలేదు. ఆదివారాలు ఇద్దరూ పాత చర్చికే వెళ్తున్నారు. రాత్రులు మాత్రం ఇంట్లో మార్కు సువార్త చదువుతున్నారట, ఏడో అధ్యాయంలో ఉన్నారు. చదివేది భార్య. అతనికి కళ్ళద్దాలు ఇంకా రాలేదు.